పాటల పోటీలు, అవార్డుల ఫంక్షన్లు: మీరు చూస్తున్నారా, నమ్ముతున్నారా?

భద్రకాళి చెరువు (హన్మకొండ)
టీవీలో పాటల పోటీలు, డ్యాన్స్ పోటీలు, అవార్డుల ఫంక్షన్లు ఎవరెవరు చూస్తున్నారు, ఎవరెవరు మానేశారు? నా మాట ముందే చెప్పేస్తా. పాడేవాళ్ల కోసం ఎంత చూస్తానో, జడ్జి ఏం చెప్తాడో వినడానికి కూడా అంతే చూస్తా. బాలు గారు 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టినప్పటి నుంచి నాకు ఆ అలవాటు. పిల్లలు పాట ఎత్తుకునే ముందు అది ఎవరు రాశారు, బాణీ ఎవరిది, ఏ సందర్భంలోది అని చెప్పేవారు. పాడాక ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ ఒత్తు మింగేశారో ఆయనే పాడి చూపించేవారు. ఇంట్లో కూర్చున్న మనకు కూడా నాలుగు ముక్కలు తెలిసేవి. పాట రానివాడికి కూడా పాట వినడం వచ్చేది.

ఇప్పుడు చాలా షోలలో వినపడేది ఏంటి? ‘చింపేశావ్’, ‘గూస్‌బంప్స్’, లేచి నిలబడి చప్పట్లు, పక్కన ఏడుపు మ్యూజిక్. మూడు వారాలు వరసగా ‘చింపేసిన’ పిల్ల నాలుగో వారం ఇంటికి పోతుంది, ఎందుకు పోయిందో ఒక్కరూ చెప్పరు. అవార్డుల ఫంక్షన్లలో కూడా అంతే, కవర్ చింపి పేరు చదువుతారు, మిగతా నలుగురి కంటే అతని పని ఎందుకు మేలో ఎవరూ చెప్పరు. నాకున్న పట్టింపు ఇదొక్కటే. గెలిపించండి, ఓడించండి, కారణం మాత్రం చెప్పండి.

కాజీపేట జంక్షన్
అన్నా, మీరు మరీ కాలేజీ పరీక్షలాగా చూస్తున్నారు. పొద్దంతా పని చేసి వచ్చి టీవీ ముందు కూర్చున్నోడికి నాలుగు మంచి పాటలు, రెండు నవ్వులు కావాలి. ఇప్పటి పిల్లలు ఎంత కష్టమైన పాటలు పాడుతున్నారో చూడండి, వెనక లైవ్ ఆర్కెస్ట్రా, ఆ సంగతులు, ఆ స్పీడు. అప్పట్లో అంత ధైర్యం చేసిన పిల్లలు తక్కువ. డ్యాన్స్ షో ‘ఢీ’ 2009 నుంచి నడుస్తోంది, మా ఇంట్లో పిల్లలు దాన్ని చూసే ఫ్లోర్ మూమెంట్స్ నేర్చుకున్నారు, ఎవరూ క్లాసు పెట్టలేదు.

ఇంక జనం ఓటు అంటారా, దాన్ని తీసిపారేయొద్దు. 2010లో శ్రీరామచంద్ర ఇండియన్ ఐడల్ గెలిచినప్పుడు మన బజార్లో అందరం ఓట్లు వేశాం. హిందీ షోలో మన తెలుగు పిల్లాడు కప్పు ఎత్తుతుంటే వచ్చిన సంతోషం ఏ జడ్జి ఇస్తాడు?

శ్రుతిపెట్టె (హన్మకొండ)
నేను పిల్లలకు కర్ణాటక సంగీతం చెప్తాను, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

కాజీపేట తమ్ముడూ, శ్రీరామ్ గెలిచినందుకు నాకూ సంతోషమే, ఆ అబ్బాయి దానికి తగినవాడే. కానీ ఓటు పాటకు పడుతుందా, ఊరికి పడుతుందా అన్నది వేరే సంగతి. మన బజారంతా ఓట్లు వేసింది మనవాడనే కదా. వేరే రాష్ట్రంలో వాళ్ల బజారు కూడా అదే చేస్తుంది. 2006లో కారుణ్య ఇండియన్ ఐడల్ రెండో సీజన్‌లో రెండో స్థానంలో ఆగిపోయాడు. ఆ గొంతుకు శ్రుతిలో ఉన్న పట్టు తెలిసినవాళ్లకు అప్పట్లో ఎంత బాధ కలిగిందో నేను చెప్పలేను.

ఇంకొకటి చూడండి. 2017లో తొమ్మిదో సీజన్ గెలిచింది మన రేవంత్. మూడో స్థానం రోహిత్‌ది, పీవీఎన్ఎస్ రోహిత్. రేవంత్ తర్వాత కూడా బాగా పాడాడు, హిట్లు ఇచ్చాడు. కానీ 2025 ఆగస్టు 1న జాతీయ అవార్డులు ప్రకటించినప్పుడు 2023కి ఉత్తమ గాయకుడు ఎవరు? ‘బేబీ’లో పాటకు రోహిత్! ఓట్ల లెక్కలో మూడోవాడు, జ్యూరీ లెక్కలో దేశానికే మొదటివాడు. రెండు తీర్పులూ ఒకే గొంతు మీదే. అందుకే నా దగ్గర నేర్చుకునే పిల్లలకు చెప్తుంటాను, టీవీలో వచ్చే స్థానం ఆ సీజన్ వరకే, గొంతు మాత్రం మీతోనే ఉంటుంది, దాన్ని చూసుకోండి అని.

బాధ కలిగించేది ఏంటంటే, ఈ మధ్య తల్లిదండ్రులు వచ్చి ‘మేడమ్, సరళీ స్వరాలు (మొదటి పాఠాలు) వద్దు, ఆడిషన్‌కు ఒక్క పాట తయారు చేయండి చాలు’ అంటున్నారు. ఆ ఒక్క పాట అయిపోయాక రెండో రౌండ్‌లో పిల్ల ఏం పాడుతుంది?

బీటెక్ హాస్టల్
మేడమ్ చెప్పిన రోహిత్ సంగతి నాకు తెలియదు, ఇప్పుడే వెతికి చూశా, నిజమే. చాలా బాగుంది.

పత్తి బజారు (జమ్మికుంట)
మేడమ్ మాట చదివాక రాయాలనిపించింది. మా పాప పాడుతుంది. పోయిన ఏడాది ఒక చానల్ వాళ్లు పిల్లల ఆడిషన్లు అంటే తెల్లవారుజామున రైలెక్కి హైదరాబాద్ పోయినం. పెద్ద ఫంక్షన్ హాలు. ఛాతీ మీద నంబర్ స్టిక్కర్ అంటించి కూర్చోబెట్టారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు, తల్లులు టిఫిన్ డబ్బాలు పట్టుకొని గోడల పక్కన కూర్చున్నారు, ప్రతి మూలలో ఒక పిల్ల సన్నగా పాట నెమరేసుకుంటోంది. మధ్యాహ్నం దాటినా పిలవలేదు. మా పాప నీళ్లు తాగుతూ, పాడుకుంటూ, మళ్లీ తాగుతూ ఉండి, పిలిచేసరికి గొంతు ఎండిపోయింది.

లోపల చిన్న గది, ఇద్దరు కుర్ర పిల్లలు, ఒక కెమెరా. పల్లవి అయిపోగానే చాలన్నారు. ఆ తర్వాత అసలు ప్రశ్నలు. నాన్న ఏం చేస్తారు, ఇంట్లో అప్పులున్నాయా, ఎవరికైనా ఆరోగ్యం బాగాలేదా, పాప పాడటానికి ఇంట్లో ఎవరైనా అడ్డు చెప్పారా. జిన్నింగ్ మిల్లులో గుమస్తాను, ఉన్నంతలో బతుకుతున్నం, అందరికీ పాప పాడితే ఇష్టమే అని చెప్పిన. ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. ‘ఫోన్ చేస్తాం సార్’ అన్నది. ఫోన్ రాలేదు, అది పెద్ద బాధ కాదు. వచ్చేటప్పుడు రైల్లో పాప ‘డాడీ, నేను ఎక్కడ తప్పు పాడిన?’ అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వాళ్లు ఏదైనా ఒక్క మాట చెప్పి పంపినా, ఆ మాట పట్టుకొని ఇంటికొచ్చి సాధన చేసేది కదా.

భద్రకాళి చెరువు (హన్మకొండ)
పత్తి బజారు అన్నా, చదువుతుంటే కడుపులో దేవినట్టు అయింది. నేను మొదట రాసింది ఇదే, కానీ మీరు చూసి వచ్చారు. పాపను పాట మాత్రం మానిపించకండి.

మైక్‌సెట్ అన్న (వరంగల్)
సౌండ్ పని నాది. పెళ్లిళ్లు, కాలేజీ ఫంక్షన్లు, గణపతి మండపాలు, అప్పుడప్పుడు హైదరాబాద్‌లో పెద్ద ఈవెంట్లకు కూడా పిలుస్తారు. ఒక సంగతి అందరికీ తెలియాలి. టీవీలో మీరు వినేది స్టేజీ మీద ఆ క్షణాన పాడిందే అనుకోవద్దు. గొంతు ఒక ట్రాకు మీద, కీబోర్డు, ప్యాడ్స్, తబలా తలా ఒక ట్రాకు మీద రికార్డు అవుతాయి. తర్వాత కంప్యూటర్‌లో గొంతును సాపు చేయొచ్చు, జారిన స్వరాన్ని పైకి లాగొచ్చు, కావాల్సినంత ఎకో కలపొచ్చు. ప్రతి షోలో చేస్తారని నేను అనను, కానీ చేయడానికి సాధనం అందరి దగ్గరా ఉంది, అది దొంగతనమేం కాదు, సినిమా పాటకూ అదే చేస్తారు. చప్పట్లు, నోరెళ్లబెట్టిన ముఖాలు కూడా విడిగా తీసి పెట్టుకొని తర్వాత అతికించొచ్చు. అందుకే జడ్జి ‘శ్రుతి తప్పింది’ అంటే ఇంట్లో మనకు ఎక్కడా తప్పినట్టు వినపడదు, జడ్జిని తిడతాం.

ఇక్కడ మన దగ్గర పోటీ పెడితే ఆ వీలు లేదు. పిల్ల మైకు జాలీ మీద చెయ్యి అడ్డం పెడితే కూత వస్తుంది, మైకు దూరం పెడితే మాట పోతుంది, మానిటర్‌లో తన గొంతు తనకు వినపడకపోతే శ్రుతి పోతుంది. ఇవన్నీ దాటుకొని పాడిన పిల్లను చూస్తే నాకు టీవీ కప్పు కంటే ఎక్కువ గౌరవం.

శ్రుతిపెట్టె (హన్మకొండ)
మైక్‌సెట్ తమ్ముడూ, మానిటర్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. పిల్లల తప్పుల్లో సగం అక్కడివే.

మానేరు గట్టు (కరీంనగర్)
అందరూ సినిమా పాట గురించే మాట్లాడుతున్నారు, నాకున్న కోపం వేరు. ఈ షోలలో మన పాటకు సీజన్ మొత్తంలో ఒక్క వారం ఇస్తారు. ‘ఫోక్ రౌండ్’ అంటారు. స్టేజీ మీద అట్టతో చేసిన ఎడ్లబండి, గడ్డిమోపు, పిల్లల భుజం మీద గొంగడి, తలకు రుమాలు. పాడేది మళ్లీ సినిమాలో వచ్చిన జానపదమే. మరుసటి వారం గొంగడి తీసేస్తారు, ‘మెలొడీ రౌండ్’. మన దగ్గర నాట్లేస్తూ, బతుకమ్మ ఆడుతూ, చావింట్లో ఏడుస్తూ పాడే పాటలకు వేల ఏళ్ల కూడిక ఉన్నది, అది వేషం కాదు.

సరిగ్గా చేసిన షో ఒకటి ఉండేది, మా టీవీలో ‘రేలా రె రేలా’. జడ్జి సీట్లలో ఎవరు? గోరటి వెంకన్న, సుద్దాల అశోక్‌తేజ. ఒకరు ‘వల్లంకి తాళం’కు 2021 సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్న కవి, ఇంకొకరు అంతకుముందే పాటకు జాతీయ అవార్డు తీసుకున్న రచయిత. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు పాడితే ఆ పాట ఏ కులం వాళ్లది, ఏ పని పాటది, దరువు ఎటు నుంచి ఎటు మారింది అన్నది వాళ్లకు తెలుసు. తెలిసినవాళ్లు కూర్చుంటే పల్లె పాట కూడా పోటీకి నిలబడుతుంది. ఆ షో ఆగిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకో మాట. దుగ్గొండి మండలం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. బుడగజంగాల కళాకారులు. ‘బలగం’ చివర్లో వాళ్లు పాడింది విని రాష్ట్రం మొత్తం ఏడ్చింది, పల్లెల్లో తెరలు కట్టి సినిమా వేసుకున్నరు, విడిపోయిన అన్నదమ్ములు కలుసుకున్నరు అని పేపర్లలో వచ్చింది. అన్నేళ్లు వాళ్లు మన ఊళ్లల్లోనే తిరిగి పాడుకున్నరు కదా, ఏ టాలెంట్ షో పోయి వాళ్లను పిలిచింది? 2024 డిసెంబర్‌లో మొగిలయ్య పోయాడు. సినిమా 2023లో వచ్చింది. పేరు వచ్చాక మనిషికి మిగిలింది రెండేళ్లు కూడా లేదు.

మగ్గం చప్పుడు (సిరిసిల్ల)
మానేరు అన్నా, మొగిలయ్య మాట మనసు కలచివేసింది. కానీ ఆ ‘బలగం’ తీసిందెవరో కూడా చెప్పాలి కదా. మా సిరిసిల్ల వేణు ఎల్దండి. ఆయన ఎక్కడి నుంచి వచ్చాడు? సినిమాల్లో చిన్న చిన్న వేషాలు, ఆ తర్వాత జబర్దస్త్. ఆ షో 2013లో మొదలైనప్పుడు టీమ్ లీడర్లలో ఒకడు. వారం వారం స్కిట్ రాయడం, ఎనిమిది పది నిమిషాల్లో కథ మొదలుపెట్టి ముగించడం, ఎక్కడ జనం జారిపోతారో కళ్లముందే చూడటం, అది మామూలు శిక్షణ కాదు. టీవీ మొత్తం దండగ అంటే నేను ఒప్పుకోను. ఆ స్కిట్లలో చాలా వాటిలో ఆడవాళ్లను, లావుగా ఉన్నవాళ్లను ఎగతాళి చేసింది కూడా నిజం, అది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కానీ అక్కడి నుంచి వచ్చినవాడు మా బజార్ల భాషలో, మా ఇళ్లల్లో జరిగే పిట్టముట్టుడు (చనిపోయినవాళ్లకు పెట్టిన ముద్దను కాకి ముట్టడం) మీద సినిమా తీశాడు.

ఇంకో సంగతి, అదే సినిమాలో ‘ఊరు పల్లెటూరు’ పాట రాసినందుకు రోహిత్‌తో పాటే 2023 జాతీయ అవార్డు వచ్చింది కాసర్ల శ్యామ్‌కు. ఆయన మీ హన్మకొండ మనిషే.

భద్రకాళి చెరువు (హన్మకొండ)
అవును, శ్యామ్ మా వాడే. ఆ రోజు మా గల్లీ వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంది.

ఓపెన్‌కాస్ట్ (గోదావరిఖని)
అవార్డుల దగ్గరికి వచ్చారు కాబట్టి నేనూ రాస్తా. ప్రైవేటు అవార్డు ఫంక్షన్లు నేను చూడటం మానేశా. నాలుగు గంటల షోలో రెండు గంటలు హీరోయిన్ల డ్యాన్స్, గంట యాంకర్ల జోకులు. సౌండ్ ఇంజనీర్, ఎడిటర్, మేకప్ మనిషి అవార్డు తీసుకునేది అర నిమిషం చూపిస్తారు, లేకపోతే అదీ ఉండదు. ఇంట్లో కూర్చున్న జనానికి ‘ఎవరు వస్తే వాళ్లకే ఇస్తారు’ అన్న అనుమానం ఎందుకొచ్చింది? అవార్డు వచ్చిన ప్రతి హీరో ముందు వరుసలోనే కూర్చొని ఉంటాడు కాబట్టి. రాని మనిషికి అవార్డు ఇచ్చి, కుర్చీ ఖాళీగా చూపించే ధైర్యం ఉన్నప్పుడు నమ్ముతా.

నంది అవార్డులు అలా ఉండేవి కావు. 1964 నుంచి ప్రభుత్వం ఇచ్చింది. మా నాయన తరం వాళ్లు ‘నంది వచ్చిన సినిమా’ అంటే ఇంటిల్లిపాదినీ తీసుకొని పోయేవాళ్లు. చివరికి 2014, 15, 16 మూడేళ్లవి కలిపి 2017 నవంబర్‌లో ఒక్కసారే ప్రకటించారు, దాని మీద ఎంత గొడవో అందరికీ గుర్తుండే ఉంటుంది, ఆ తర్వాత ఆగిపోయాయి. మన దగ్గర గద్దర్ పేరు మీద అవార్డులు 2025 జూన్ 14న హైటెక్స్‌లో ఇచ్చారు. 2024కి ఉత్తమ నటుడు అల్లు అర్జున్, ఉత్తమ నటి నివేదా థామస్. మధ్యలో పోయిన ఏళ్లకు కూడా సినిమాలను ఎంపిక చేశారు, 2023కి ‘బలగం’. మంచి పనే. గద్దర్ పేరు పెట్టినందుకు నాకు ప్రత్యేకంగా సంతోషం, ఆ గొంతు మా బొగ్గుబావుల ముందు మీటింగుల్లో విన్నవాణ్ని. కానీ ఆ పేరు పెట్టుకున్నాక దానికి తగ్గట్టు ఉండాలి. పాటకు, డప్పుకు, ఊళ్లల్లో ఆడేవాళ్లకు కూడా అందులో గట్టి చోటు ఉండాలి.

కాజీపేట జంక్షన్
అందరూ ఇంత కోపంగా ఉంటే ఎలా? ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిన రోజు మర్చిపోయారా? 2023 మార్చి 13 పొద్దున మనందరం టీవీల ముందే ఉన్నాం. కీరవాణి గారి పక్కన మన చంద్రబోస్. చల్లగరిగె, చిట్యాల మండలం, మన పాత వరంగల్ జిల్లా! ఆ స్టేజీ మీద ఆయన ‘నమస్తే’ అన్నాడు, అంతే, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ పాట స్టేజీ మీద పాడిన ఇద్దరిలో ఒకరు రాహుల్ సిప్లిగంజ్, అదే రాహుల్ 2019లో బిగ్‌బాస్ మూడో సీజన్ గెలిచినవాడు. ఒకే మనిషి, జనం ఓటూ గెలిచాడు, లాస్ ఏంజెలిస్ స్టేజీ కూడా ఎక్కాడు. ఇంక రెండింటికీ పడదని ఎలా అంటారు?

శ్రుతిపెట్టె (హన్మకొండ)
తమ్ముడూ, ఆ రోజు నేను క్లాసు ఆపేసి పిల్లలతో కలిసి చూశాను. అదే ఆస్కార్‌లో ఓటు ఎలా పడుతుందో చూడు. పాట విభాగంలో నామినేషన్లు సంగీత శాఖలో ఉన్నవాళ్లే వేస్తారు, అంటే అదే పని చేసేవాళ్లు. ఐదు పాటలు తేలాక చివరి ఓటు మాత్రం అకాడమీ సభ్యులందరిదీ. మొదట తెలిసినవాళ్లు జల్లెడ పడతారు, తర్వాత ఎక్కువమంది ఎంచుకుంటారు. మన దేశం అధికారికంగా పంపింది ‘ఆర్‌ఆర్‌ఆర్’ను కాదు, ఒక గుజరాతీ సినిమాను. అయినా పాట తన విభాగంలో తానే పోయి నిలబడింది.

మన టీవీ పోటీలు తలకిందులు. అభిమానుల ఓటుతో జల్లెడ పడతారు, చివర్లో జడ్జిలను కూర్చోబెట్టి చప్పట్లు కొట్టిస్తారు. దాన్ని ఇటు తిప్పితే సగం గొడవ పోతుంది.

చంద్రబోస్ గారి మాట వచ్చింది కాబట్టి, బాలు గారు 2020 సెప్టెంబర్ 25న పోయాక వాళ్లబ్బాయి చరణ్ మళ్లీ ‘పాడుతా తీయగా’ ఎత్తుకున్నప్పుడు సునీత, విజయ్ ప్రకాష్‌లతో పాటు జడ్జిగా కూర్చున్నది చంద్రబోస్ గారే. పాటలో మాట గురించి మాట్లాడే మనిషి జడ్జి సీట్లో ఉంటే పిల్లలు మాటను మింగడం మానేస్తారు. భద్రకాళి గారూ, ఇప్పటి షోలన్నీ ఒక్కటే అని కట్ట కట్టేయకండి.

బీటెక్ హాస్టల్
బిగ్‌బాస్ కూడా ఇందులోకి వస్తుందా? అది టాలెంట్ పోటీ కాదు కానీ మా హాస్టల్‌లో ఓట్లు పడేది దానికే. గంగవ్వ 2020లో లోపలికి పోయినప్పుడు మా ఇంట్లో జీవితంలో ఓటింగ్ యాప్ ముట్టని అమ్మమ్మ కూడా నాతో ఓటు వేయించింది. జగిత్యాల దగ్గర లంబాడిపల్లి మనిషి, చదువు లేదు, మనం ఇళ్లల్లో మాట్లాడుకునే మాట అలాగే మాట్లాడింది, ఎవరికోసం మార్చలేదు. దానికి నేను దండం పెడతా. కానీ 2023 డిసెంబర్‌లో ఏడో సీజన్ ఫైనల్ రాత్రి స్టూడియో బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు చూడండి, అది మాత్రం సిగ్గుచేటు. ఒక షోలో ఎవడో గెలిస్తే, ఓడితే, డ్యూటీ చేసుకొని ఇంటికి పోయే డ్రైవర్ అన్న ఏం పాపం చేశాడు?

ఓపెన్‌కాస్ట్ (గోదావరిఖని)
తమ్మీ, ఆఖరి మాట బాగా చెప్పినవ్.

మానేరు గట్టు (కరీంనగర్)
అవార్డు అంటే నాకు ఎక్కువ తృప్తి ఇచ్చినవి పద్మశ్రీలు. 2021లో ఆసిఫాబాద్ మర్లవాయి కనకరాజు గారికి గోండుల గుస్సాడీ నృత్యానికి వచ్చింది. 2024లో జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానానికి వచ్చింది. వీళ్లకు ఓట్లు వేయడానికి యాప్ లేదు, ప్రోమో లేదు, ఏడుపు మ్యూజిక్ లేదు. ఇంత కాలం ఇంత పని చేశారు అని ఒక లెక్క ఉంది. కనకరాజు గారు 2024 అక్టోబర్‌లో పోయారు, కనీసం ఆయన చేతికి అందింది.

రాతిగుమ్మం (వరంగల్ కోట)
ఇంతమంది రాశారు, మిమిక్రీ నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరు ఎవరూ ఎత్తలేదు, నాకు కష్టంగా ఉంది. మన మట్టెవాడ మనిషి. ఏ చానల్ ఆడిషన్‌కు పోయాడు ఆయన? ఒక్క గొంతుతో దేశమంతా తిరిగాడు, 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చాడు. ఆయన పుట్టినరోజు డిసెంబర్ 28ని మిమిక్రీ కళాకారులు పండుగ చేసుకుంటారు. పద్మశ్రీ 2001లో వచ్చింది, 2018 జూన్‌లో పోయారు.  ఆయన్ను నిలబెట్టింది ఎదురుగా కూర్చున్న జనం. బాగుంటే నవ్వారు, బాగాలేకపోతే బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయారు. నేను చిన్నప్పుడు ఆయన్ను విన్నా, ఒక మనిషి గొంతు నుంచి ఇంకో మనిషి గొంతుకు మారే మధ్యలో ఒక చిన్న మౌనం ఉండేది, ఆ మౌనంలో మెడ కొంచెం పక్కకు తిప్పేవాడు. ఆ మెడ తిప్పడంతోనే ఎవరు వస్తున్నారో మాకు తెలిసిపోయేది. టీవీలో అయితే ఆ మౌనాన్ని కత్తిరించి, అక్కడ జడ్జి నవ్వు అతికిస్తారు.

పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరు మీద కళాప్రాంగణం ఉంది. 2024 నవంబర్‌లో కాళోజీ కళాక్షేత్రం కూడా తెరిచారు, అంత పెద్ద హాలు మన దగ్గర ఎన్నడూ లేదు. చోటు లేదనే మాట ఇప్పుడు చెల్లదు. పిల్లలకు అక్కడ పోటీ పెట్టండి, తెలిసినవాళ్లను కూర్చోబెట్టండి.

మైక్‌సెట్ అన్న (వరంగల్)
పెట్టండి సారూ, సౌండ్ నాది. పిల్లల పోటీకి కిరాయి తీసుకోను. మానిటర్ మాత్రం మంచిది పెడతా, ప్రతి పిల్లకూ పాడే ముందు ఒక నిమిషం మైకు చూసుకోనిస్తా.

కాజీపేట జంక్షన్
పోటీ పెడితే నేను వస్తా. కానీ జనం ఓటు కూడా ఒకటి ఉండాలి, జడ్జీల మార్కులకు తోడుగా. దాని మీద నేను తగ్గను.

శ్రుతిపెట్టె (హన్మకొండ)
ఉండనీ తమ్ముడూ, కానీ హాల్లో కూర్చొని అందరి పాటా విన్నవాళ్లకే ఓటు. ఒక్క పాట విని వేసే ఓటు వద్దు.

పత్తి బజారు గారూ, మీ పాప పాడింది ఫోన్‌లో రికార్డు చేసి ఉంటే ఇక్కడ పెట్టండి. ట్రాకు లేకుండా, ఒట్టి గొంతుతో.

పత్తి బజారు (జమ్మికుంట)
పెట్టిన మేడమ్. ఆడిషన్‌లో పాడిన పాటే. వంటింట్లో రికార్డు చేసినం, కుక్కర్ చప్పుడు వస్తుంది, ఏమనుకోకండి.

శ్రుతిపెట్టె (హన్మకొండ)
రెండుసార్లు విన్నాను. పాప గొంతు బాగుంది, తాళం మీద పట్టు చాలా బాగుంది, ఎక్కడా తొందరపడలేదు. ఇబ్బంది ఎక్కడుందంటే, పాటను సినిమాలో ఉన్న శ్రుతిలోనే ఎత్తుకుంది. అది పెద్దవాళ్ల గొంతుకు కట్టిన పాట. చరణంలో పై షడ్జం (పై ‘స’) దగ్గరికి వచ్చేసరికి గొంతు బిగుసుకుంటోంది, అందుకే ఆ లైన్ చివరి మాట సన్నబడి విరిగిపోయింది. నీళ్లు తాగినా తాగకపోయినా అక్కడ అలాగే అవుతుంది. ఒక శ్రుతి తగ్గించి పాడించండి. పల్లవి కొంచెం కిందికి పోయినట్టు అనిపిస్తుంది, భయపడకండి, మంద్రంలో (కింది స్థాయిలో) పాపకు చోటు ఉంది. ఇంకొకటి, ‘ళ’ని ‘ల’ అంటోంది, రోజూ కాసేపు పాటను పాడకుండా గట్టిగా చదివించండి. నెల తర్వాత మళ్లీ పెట్టండి, వింటాను.

పత్తి బజారు (జమ్మికుంట)
పాపకు చదివి వినిపించిన మేడమ్. ‘ఒక శ్రుతి తగ్గించడం అంటే ఎట్ల డాడీ’ అని అడుగుతోంది. ఫోన్‌లో శ్రుతి యాప్ ఏది పెట్టుకోవాలో, ఎంతలో పెట్టాలో చెప్పండి, ఈ రోజు నుంచే మొదలుపెడతాం.